ఆముదపు గింజ: విషమెక్కడ, మందెక్కడ?

మృగశిర కార్తెలో తొలకరి పడినంతనే నాగటి చాలు వెంబడి ఆముదపు గింజలు విడుచుట ఇబ్రహీంపట్నము, యాచారము, మంచాల ప్రాంతముల ఎఱ్ఱ చల్కలలో తరతరములుగా వచ్చిన వాడుక. పెద్దచెఱువు క్రింది మాగాణి వరికి చెల్లును. మెట్టమీది చల్కలు జొన్నకును, కందికిని, ఆముదమునకును చెల్లును. ఆ చెఱువు 1550 మొదలు 1580 వఱకు గోలకొండ నేలిన ఇబ్రహీం కుతుబ్ షా కాలమున కట్టబడినదని ప్రతీతి. ఊరికి ఆయన పేరే నిలిచినది. చెఱువు నీరు పాఱని చేని రైతును కాపాడినది మాత్రము ఆముదపు చెట్టే. తల్లివేరు లోతునకు దింపి, వాన మొగము చాటుచేసిన దినములలో ఆకు వ్రేలవేసికొని నిలిచి, మరల చినుకు పడగానే తల యెత్తు పైరిది. ఏ చెట్టును లేనిచోట ఆముదపు చెట్టే మహావృక్షమను సామెతను లోకులు ఎగతాళికి వాడుచుందురు. చల్క రైతునకు అందులో ఎగతాళి యేమియు కానరాదు.

ఈ నెల ఈ పంటను గూర్చి వ్రాయుటకు ఒక సభ్యుడు మమ్మడిగిన ప్రశ్న కారణము. “కల్లములోని ఆముదపు గింజలు తిని మా గేదె చచ్చినది. ఆ గింజల నూనెనే మా అవ్వ మాకు చిన్ననాట గిన్నెతో త్రాగించెడిది. గేదెను చంపినది మమ్ము చంపక పోవుటయేమి?” అని యతడడిగెను. ప్రశ్న చాల సహేతుకమైనది. ఇందుకు సరియైన సమాధానము తెలియక కొందఱు ఆముదము మందనిన భయపడి మానుచున్నారు. మఱికొందఱు చెట్టునందు పుట్టినదెల్ల మందే యని తలచి గింజలనే నూఱి మ్రింగుచున్నారు. భయపడినవారికి నష్టము కొద్ది. గింజలు మ్రింగినవారికి ప్రాణాపాయము.

గింజలో రెండు వేఱు పదార్థములున్నవి. మొదటిది నూనె, గింజ బరువులో నూటికి 45 మొదలు 50 పాళ్ళు ఇదియే. రెండవది రిసిన్ అను మాంసకృత్తు. ఇదియే విషము, పప్పులో ఉండును. చెట్టునకు శాస్త్రజ్ఞులు పెట్టిన పేరు రిసినస్. లాటిను భాషలో ఆ మాటకు పిడుదు అని యర్థము. ఆముదపు గింజను అరచేతిలో నుంచుకొని చూచినచో, పశువుల చెవులంటి రక్తము త్రాగి యుబ్బిన పిడుదువలె చారలతో కనబడును. పేరు పెట్టినవాడు పశువుల కాచినవాడేమో యని మాకు తోచుచుండును. రిసిన్ నీటిలో కరగును, నూనెలో కరగదు. మఱియు వేడికి అది చెడిపోవును. ఈ రెండు గుణములను మనసునం దుంచుకొన్నచో సభ్యుని ప్రశ్నకు సమాధానము చాలవఱకు దొరకినట్లే.

ఈ విషమెంత యుగ్రమైనదో తెలియుటకు లోకప్రసిద్ధమైన యొక యుదంతమును చెప్పుదుము. 1978 సెప్టెంబరులో లండను నగరమున బస్సుకొఱకు నిలిచియున్న గియోర్గి మార్కోవ్ అను బల్గేరియా దేశపు రచయిత తొడలోనికి, గుండుసూది తలయంత లోహపు గుండును ఎవరో దింపిరి. అందు నింపబడినది రిసినేయని వైద్యులు నిర్ణయించిరి. నాలుగు దినములలో నతడు మరణించెను. మన కల్లములో గోనెలకొలది పోసియుండు గింజలలోని పదార్థమే అది. గింజను నమలక మ్రింగినచో గట్టి పెంకు చాటున విషము బయటపడక జాఱిపోవుటయు గలదు. నమలినచో కొన్ని గంటలలో వాంతులు, నెత్తురు విరేచనములు, దాహము, నీరసము కలుగును. ఇందుకు విఱుగుడు మందు నేటివఱకు లేదు. ఆసుపత్రిలో సెలైనెక్కించి, దేహము దానంతట కోలుకొనునట్లు కాపాడుటయే చికిత్స. చారల గింజలు పిల్లలకు ఆటవస్తువులుగా కనబడును. బిడ్డ గింజ నమలెనని తెలిసిన క్షణమున చింతపండు నీళ్ళు, ఉప్పు నీళ్ళు త్రాగించుచు కాలము గడపక ఆసుపత్రికి తీసికొనిపోవలయును. మిగిలిన గింజలను కూడ వెంట కొనిపోయి వైద్యునకు చూపవలయును.

ఇక అవ్వ త్రాగించిన నూనె సంగతి. పూర్వము మన యిండ్లలో మందుకు వాడినది గానుగ ఆముదము కాదు, వంటాముదము. అది తీయు పద్ధతి నేటి చిన్నవారు చూచియుండరు గావున కొంచెము విపులముగా వ్రాయుచున్నాము. చిట్టాముదపు గింజలను, అనగా చిన్నగింజ రకమును, ఎండబెట్టి మంగలములో దోరగా వేయింతురు. రోట వేసి ముద్దగా దంచుదురు. ఆ ముద్దను పెద్ద కుండలో నాలుగైదింతల నీటితో కలిపి, కట్టెల పొయ్యిమీద గంటలకొలది మరగింతురు. నూనె తేలి నురుగుతో పైకి వచ్చును. దానిని గరిటెతో మెల్లగా తీసి వేఱొక గిన్నెలో పోయుదురు. అడుగున ముద్దయు, మురికి నీరును మిగులును. తీసిన నూనెలో నీటి చెమ్మ యుండును గనుక దానిని మరల సన్నని సెగమీద కాచి, చిటపట శబ్దము నిలిచిన తరువాత దింపి, గుడ్డతో వడగట్టి జాడీ కెత్తుదురు. ఈ విధమున వచ్చు నూనె గానుగ నూనెకన్న తక్కువ. శ్రమ మాత్రము మిక్కిలి. అందుచేత కాబోలు, ఈ పని ముసలి స్త్రీలదే యనుకొని తక్కినవారు నేర్వక పోయిరి.

ఇందు అవ్వ తెలిసియో తెలియకయో చేసిన పనులు మూడు. వేయించునప్పుడు పప్పుకు వేడి తగిలెను. మరగించునప్పుడు విషము నీటిలో కరగి, ఆ మరుగు నీటి వేడికే చెడెను. పైకి తేలిన నూనెను మాత్రమే తీసి, నీటిని ముద్దను పాఱవైచెను. తిరిగి కాచుట వలన మిగిలిన చెమ్మయు పోయెను. నేటి మందుల కర్మాగారములలో గింజలను వేడి సోకకుండ యంత్రమున నొత్తి తీసిన నూనెకు ఆవిరి పట్టించి, అందులోని మాంసకృత్తులను గడ్డకట్టించి వడగట్టుదురు. ఉపకరణములు వేఱు, ఉపాయ మొక్కటే. కావున గేదెను చంపినది గింజ. అవ్వ త్రాగించినది గింజలోని విషము వదలిన నూనె.

అయితే ఇందు ఒక హెచ్చరిక. దీపములకును, చక్రములకును, తలకును రాయుటకై అమ్మబడు గానుగ ఆముదమును మందుగా వాడరాదు. చలి గానుగలో నూనె పిండినప్పుడు పప్పు నలుసులు అందులో కలియవచ్చును. వేఱు నూనె కలిపి అమ్మువారును గలరు. మందుకై కావలసినవారు మందుల దుకాణమున ఔషధ శ్రేణి ఆముదమని ముద్ర గల సీసానే కొనవలయును. మన చేలలో ఆముదము పండించుచు మందుకు సీసా కొనుట సిగ్గుగా తోచవచ్చును. తెలియని నూనె త్రాగుటకన్న ఈ సిగ్గు మేలు.

నూనె విరేచనమగునట్లు చేయుటకు కారణమేమో చాలకాలము స్పష్టముగా తెలియలేదు. నూనెలోని క్రొవ్వు ఆమ్లములలో నూటికి 85 మొదలు 90 పాళ్ళు రిసినోలిక్ ఆమ్లము. నూనె చిన్నప్రేవులు చేరినప్పుడు జీర్ణరసములచే విడిపోయి ఈ ఆమ్లము బయలుపడును. 2012లో జర్మనీ దేశపు పరిశోధకులు ఎలుకలపై పరీక్షించి, ఈ ఆమ్లము ప్రేవుల కండరములందలి ఇ.పి.3 అను గ్రాహకములను తాకి వానిని ముడుచుకొనునట్లు చేయుచున్నదని కనుగొనిరి. ఆ గ్రాహకములే గర్భాశయమునందును గలవు. అచ్చటను అదే పని జరుగునని వారు తెలిపిరి. గర్భిణులు ఆముదము త్రాగరాదని పెద్దలు చెప్పుటకును, నెలలు నిండిన పిదప నొప్పులు వచ్చుటకై త్రాగించుటకును మూల మిచ్చట కనబడుచున్నది. కాని ఆ రెండవ పని ఇంటియొద్ద చేయదగినది కాదు. నొప్పులు హెచ్చినను, బిడ్డ కడుపులోనే మలము విడిచినను చూచుకొనువారు ఆసుపత్రియందు గలరుగాని మన వసారాలో లేరు.

మన పూర్వ వైద్యులు ఈ చెట్టును ఎరండమనిరి. ఆకు ఏలకల చేయివలె నుండుటచే పంచాంగుళమనియు, గంధర్వహస్తమనియు, వాతమును పోగొట్టుటచే వాతారి యనియు పేర్లు. చరకసంహితయందు ఎరండమూలము వాతహరములలో మేలైనదిగా చెప్పబడినది. శొంఠి కషాయముతో ఆముదము సేవించుట కీళ్ళవాతమునకు నేటికిని వైద్యులిచ్చు చికిత్స. ఐగుప్తు దేశమున క్రీస్తుపూర్వము 1550 ప్రాంతమున వ్రాయబడిన యెబర్స్ పత్రమునందును ఈ నూనె విరేచనకారిగా పేర్కొనబడినది. కనుక ఇది మన యొక్కరి సొత్తు కాదు. ఆఫ్రికా తూర్పుభాగమున పుట్టి, ఎన్నడో మన నేలకు వచ్చి, మనదై పోయినది.

విరేచనము కలిగించు చెట్లు మన గట్లమీదను గుట్టలమీదను ఇంకను గలవు. రేలకాయ గుజ్జు మృదువుగా పనిచేయును. చరకుడు మృదువిరేచనములలో దీనికి ప్రథమస్థానమిచ్చెను. తెగడ వేరు సుఖవిరేచనమనియు, జెముడు పాలు తీక్ష్ణవిరేచనమనియు ఆయన విభజించెను. సునాముఖి ఆకు అందరెఱిగినదే. నేపాళపు గింజ మాత్రము అందరెఱిగి భయపడవలసినది. దాని నూనె ఒక్క బొట్టే కడుపును చించునంతటిది. ఆముదము ఈ వరుసలో మధ్యది. పెద్దవారికి ఒకటి రెండు పెద్ద చెంచాలు, అనగా 15 మొదలు 30 మిల్లీలీటర్లు, ఒక్కసారికి చాలును. రెండు మొదలు ఆరు గంటలలో పనిచేయును. మాటిమాటికి త్రాగుచుండినచో ప్రేవులు దానికే యలవాటుపడి స్వయముగా పని చేయుట మఱచును, దేహమునందలి నీరును లవణములును పోవును.

మేము చిన్నవారమై యున్నప్పుడు ఆముదము త్రాగు దినము ఇంటిలో ఒక చిన్న యుద్ధము. తెల్లవాఱకమునుపే లేపుదురు. ఒకరు చేతులు పట్టుకొందురు, ఒకరు ముక్కు మూయుదురు, వేడి కాఫీలోనో చాఱులోనో కలిపినదానిని గొంతున పోయుదురు. మధ్యాహ్నమువఱకు అన్నము లేదు. అటుపిమ్మట మిరియపు చాఱుతో మెతుకులు. ఇటలీ దేశమున 1920 ప్రాంతములందు ముస్సోలినీ అనుచరులు తమకు గిట్టనివారికి బలవంతముగా ఆముదము పట్టించి అవమానించిరని పెద్దయైన తరువాత చదివినప్పుడు మాకు నవ్వు రాలేదు. ముక్కుమూసిన చేయి జ్ఞాపకము వచ్చినది.

ఆ జ్ఞాపకమును ముచ్చటగా చెప్పి వదలుటకు వీలులేదు. పసిబిడ్డలకు ఉగ్గుగిన్నెతో చనుబాలలో ఆముదము కలిపి పోయుట మన యిండ్లలో నేటికిని పూర్తిగా పోలేదు. కొందఱు ముక్కు రంధ్రములలోను చుక్కలు వేయుదురు. పసిబిడ్డకు మ్రింగుటయే సరిగా రాదు. ఏడ్చుచున్నప్పుడు ముక్కు మూసి పోసిన నూనె కడుపునకు బదులు ఊపిరితిత్తులలోనికి పోవును. నీరు పోయినచో దగ్గి బయటికి తెచ్చును. నూనె పోయినచో దగ్గు రాక, మెల్లగా లోపల నిలిచి ఊపిరితిత్తుల వాపు కలిగించును. ఇట్టి బిడ్డలను వైద్యులు నేటికిని చూచుచున్నారు. ఈ విషయమున పెద్దలతో వాదము వచ్చును, “మేము త్రాగి బ్రదుకలేదా?” యని వారనుదురు. బ్రదికినవారే యీ మాట చెప్పుచున్నారని మాత్రము మా మనవి. అవ్వ కాచిన నూనె మంచిదే. అవ్వ పోసిన గిన్నె మంచిది కాదు. ఈ రెంటిని వేఱుచేసి చూడవలయును. బిడ్డకు మలబద్ధమైనచో ఆరోగ్య కేంద్రమునకు తీసికొనిపోవుడు. అట్లే కడుపునొప్పి విడువకుండ వచ్చుచున్నప్పుడు, ముఖ్యముగా కుడిప్రక్క పొత్తికడుపున నొప్పియు జ్వరమును ఉన్నప్పుడు, పెద్దవారును ఆముదము త్రాగరాదు. అది ప్రేవు తోక వాచినదైనచో, ఆముదపు బలమునకు పగిలి ప్రాణము మీదికి తెచ్చును.

పశువుల మాట మరల వత్తము. గానుగ ఆడిన తరువాత మిగులు ఆముదపు పిండిలో విషమంతయు నిలిచియుండును. ఆ పిండియే భూమికి మేలైన యెరువు. నూటికి నాలుగైదు పాళ్ళు నత్రజని అందు గలదు, చెదలను కొంతవఱకు అడ్డగించునని రైతుల యనుభవము. వేరుసెనగ పిండి యనుకొని కుడితిలో కలిపినవారును, ఎరువు గోనె విప్పి కొట్టములో పెట్టినవారును పశువులను పోగొట్టుకొన్నారు. కుక్కలు ఆ వాసనకు మఱింత యాశపడి వచ్చును. ఆముదపు గోనెకు వేఱు రంగు దారముతో కుట్టు వేయుటయో, పై సున్నముతో గుర్తు పెట్టుటయో చేసినచో రాత్రిపూట పొరపాటుండదు. గెలలు నూర్చునప్పుడు లేచు దుమ్మునకు కొందఱికి ఉబ్బసము వచ్చును. ముక్కునకు తడిగుడ్డ కట్టుకొని గాలివాలునకు ఎదురుగాక ప్రక్కకు నిలువవలయును.

ఇంత యుపకారియైన పంటను మనమెందుకు తగ్గించుకొంటిమి? పూర్వపు హైదరాబాదు సంస్థానము హిందూదేశమున ఆముదములు మిక్కుటముగా పండించిన ప్రాంతము. ఇచ్చటి గింజలు బొంబాయి రేవునుండి ఐరోపాకు పోయెను. మొదటి ప్రపంచ యుద్ధమున విమానముల యంత్రములకు ఆముదమే కందెనయై యుండెను. నేడు దేశమునందలి ఆముదములలో నూటికి ఎనుబదికి పైగా గుజరాతునందే పండుచున్నవి. 1968లో అచ్చట జి.సి.హెచ్.3 అను మొదటి సంకర విత్తనము విడుదలయైనది. నీటి వసతి, సంకర విత్తనము, దగ్గరలోనే మిల్లులు, ఈ మూడును వారికి కూడివచ్చినవి. మనకు ప్రత్తి వచ్చినది. ఇబ్రహీంపట్నము చుట్టును ఇండ్ల స్థలముల రాళ్ళు వచ్చినవి.

పరిశోధకులు మనలను మఱచిరని మాత్రము చెప్పరాదు. తొమ్మిది నెలలు పట్టు హెచ్.సి.6 రకమునకు న్యూట్రాను కిరణములు సోకించి, నాలుగైదు నెలలలో పండు అరుణ రకమును చేసినది మన హైదరాబాదు పరిసరములందే. మహబూబ్ నగర్ సీమలోని పాలెము పరిశోధన స్థానమునుండి క్రాంతి, హరిత, కిరణ్ రకములును, పి.సి.హెచ్.111 సంకరమును వచ్చినవి. రాజేంద్రనగరములోని నూనెగింజల పరిశోధన సంస్థ జ్వాల, జ్యోతి, డి.సి.హెచ్.177, డి.సి.హెచ్.519 లను ఇచ్చినది. చల్కలో ఆముదమునకు పెద్ద శత్రువు బూజు తెగులు. పూత, పిందె సమయమున ముసురు పట్టినచో గెలలు బూడిదరంగు బూజుతో కుళ్ళిపోవును. వెల్తియైన గెల గల రకములలో గాలి యాడుటచే ఈ బాధ కొంత తక్కువ. జ్వాల కొంత తట్టుకొనును. దాసరి పురుగు ఆకును జల్లెడ చేయును, చిన్న పురుగులుండగనే చూచినచో చేతితో ఏరవచ్చును. ఇవి యన్నియు మీకు తెలిసినవే.

మాకు తోచు నొక మాట చెప్పెదము. నేడు మన మిచ్చట గింజలనమ్మి, ఔషధపు సీసాను కొనుచున్నాము. గింజకు వచ్చు ధరకును, సీసాకు పెట్టు ధరకును నడుమ నున్న లాభము ఎవరిదో మన లెక్కలలో కనబడదు. ఒక్క రైతు మిల్లు పెట్టజాలడు; ఒక గ్రామపు గింజలును దానికి చాలవు. పది సంఘములు కలిసినచో గింజను శుభ్రపఱచి, చెమ్మ ఆరబెట్టి, రాళ్ళు పుల్లలు ఏరి, రకము వారీగా అమ్ముటకైన సాధ్యమగును. మిల్లువారు శుభ్రమైన సరకునకు ఎక్కువ ధర కట్టుదురు. దీనిపై రాబోవు మహాసభలో సభ్యులు తమ యభిప్రాయములు తెలుపవలెనని కోరుచున్నాము. ఔషధమునకు నూనె తీయు కార్యము మాత్రము అనుమతియు, పరీక్షాగారమును, శిక్షణపొందిన మనుష్యులును లేక తలపెట్టరాదు. వంటాముదము గూర్చి పైన వ్రాసినది తెలిసికొనుటకే గాని, దుకాణము తెఱచుటకు కాదు.

ఇప్పుడు మొదటి గెలలు పండి కాయలు ఎండుచున్న చేలు కొన్ని గలవు. కోత కోయుటకు ముందే కల్లము చుట్టు ముండ్లకంప వేయుడు. రాలిన గింజలను సాయంకాలము ఊడ్చి గోనె కెత్తుడు. పొట్టును ఎరువుదిబ్బలో కాక వేఱుగా గోతిలో పూడ్చుడు. దానిలో పగిలిన పప్పు చిక్కుకొని యుండును, మేకలు వెదకుకొని వచ్చును. కల్లమునుండి ఇంటికి తెచ్చిన గోనెను అటకమీద పెట్టుటకు ముందు, పిల్లలు ఆడుకొను వసారాలో గింజలేమైన రాలినవేమో దీపము వెలుతురున ఒక్కసారి చూచుకొనుడు.